ఐ.పి. పెట్టకముందే

మన ఇళ్లలో ఎవరి వ్యాపారమైనా దెబ్బతింటే "ఐ.పి. పెట్టాడు" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ రెండక్షరాలతో మనిషి పరువు పోయేది. ఏళ్ల తరబడి పద్దులు రాసిన గుమాస్తాను గనుక నాకు తోచింది చెబుతాను: అప్పు కొంత ముంచుతుంది, అప్పును దాచడం పూర్తిగా ముంచుతుంది.

ఈ సంగతినే పోలండు దేశం చట్టంలో పెట్టింది. అక్కడి దివాలా చట్టం 2003 నాటిది. ఆస్తి అమ్మి అప్పులవాళ్లకు పంచడం దాని ముఖ్యమైన పని. వ్యాపారాన్ని నిలబెట్టేందుకు 2015లో వేరే చట్టం చేసి, 2016 జనవరి 1 నుంచి అమలు జరిపారు. అందులో నాలుగు దారులున్నాయి. వాటిలో తేలికైనది రాజీ. బాకీదారు లైసెన్సుగల సలహాదారును పెట్టుకొని, అప్పులవాళ్ల ఓట్లు సేకరించి, కోర్టు ఆమోదం పొందాలి. ఓటు వేసినవారిలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. వారి బాకీలు మొత్తంలో మూడింట రెండు వంతులకు తగ్గరాదు.

2020లో కోవిడ్ వచ్చి కొట్లు మూతపడినప్పుడు ఇటువంటి రాజీకి తాత్కాలికంగా ఒక గొడుగు పట్టారు. 2021 డిసెంబరు 1 నుంచి అది స్థిరపడింది. ప్రకటన వెలువడిన నాటినుంచి నాలుగు నెలలు జప్తులు ఆగుతాయి. ఆలోగా కాగితాలు కోర్టుకు చేరకపోతే రక్షణ పోతుంది. అప్పులవాళ్లకు హాని జరుగుతుంటే కోర్టు ముందే తీసివేయవచ్చు. ఆ ప్రకటన వెలువడేది బాకీదారుల జాతీయ రిజిస్టరులో. దానినీ ఆ రోజే ఇంటర్నెట్‌లో తెరిచారు, ఎవరైనా చూడవచ్చు. అంటే గొడుగు కావాలన్నవాడు పేరు బయట పెట్టుకోవలసిందే.

దాచేవాడికి మాత్రం దయ తక్కువ. బాకీలు తీర్చలేని స్థితి వచ్చిన 30 రోజుల్లో వ్యాపారి కోర్టుకు అర్జీ పెట్టుకోవాలి. చెల్లింపులు మూడు నెలలు మించి ఆగితే ఆ స్థితి వచ్చినట్టే భావిస్తారు. గడువు మీరిన కంపెనీ పెద్దలు అప్పులవాళ్ల నష్టానికి స్వయంగా జవాబు చెప్పుకోవలసి రావచ్చు. ఒకటి నుంచి పదేళ్లదాకా వ్యాపారం చేయరాదని కోర్టు నిషేధించనూవచ్చు.

ఇది కఠినమని కొందరనవచ్చు. కాని అప్పిచ్చినవాడూ సంసారే. సరుకు అరువిచ్చిన చిన్న వర్తకుడికి ఆ నాలుగు నెలలూ ఇల్లు గడవాలి కదా! అందుకే గొడుగుకు గడువు పెట్టారు.

మన దేశంలోనూ 2016లోనే కొత్త దివాలా స్మృతి వచ్చింది. దాని గొడవ మరోసారి చెప్పుకుందాం. ఈ నెలకు మాత్రం నా మనవి ఒక్కటే. చేతిలో కొట్టున్నవారు బాకీల పద్దును అప్పులవాళ్లకంటె ముందు ఇంట్లో ఇల్లాలికి చూపండి. పోలండువారి 30 రోజులు మనకు లేకపోయినా, ఆ లెక్క మన ఇంట్లో ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.