బొల్లి మచ్చకు బిళ్ళ మహిమ

పాలు తాగి చేపలు తింటే బొల్లి వస్తుందని మన ఇళ్ళలో ఇప్పటికీ పిల్లల్ని బెదిరిస్తారు. బెంగాలీలు పెరుగులో చేప ముక్కలు వేసి వండుకుని తరతరాలుగా తింటున్నారు. అక్కడేమీ ఊళ్ళకు ఊళ్ళు తెల్లబడలేదు. అయినా మచ్చ కనబడ్డ ఆడపిల్లకు ముందు చేపలు ఆగుతాయి, ఆనక పెళ్ళి సంబంధాలు ఆగుతాయి.

పూర్వజన్మ పాపం అనేవాళ్ళు కాస్త తగ్గారు. ఆ ఖాళీలోకి చదువుకున్నవాళ్ళ నమ్మకం ఒకటొచ్చింది: యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు. తమాషా ఏమిటంటే, సి విటమిన్ మచ్చల్ని పెంచుతుంది, నిమ్మకాయ ముట్టొద్దని ఒకాయన పథ్యం పెడతాడు. అదే సి విటమిన్‌ను ఇంకొకాయన బిళ్ళ చేసి అమ్ముతాడు. ఇద్దరి మాటా విని, నిమ్మకాయ మానేసి బిళ్ళ మింగేవాళ్ళూ ఉన్నారు!

ఈ బిళ్ళల వెనక శాస్త్రం బొత్తిగా లేదనలేం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి. బొల్లి ఉన్నవాళ్ళ చర్మంలో అవి ఎక్కువగా పేరుకుంటాయి. కానీ రంగు కణాల్ని చంపేది మన ఒంట్లోని రోగనిరోధక టి కణాలే. యాంటీ ఆక్సిడెంట్‌తో పెరాక్సైడ్‌ను అణిస్తే ఆ దాడి కూడా ఆగుతుందన్నది ఊహ. ఊహించడంలో తప్పులేదు, అది పరీక్షకు నిలవాలి.

2003లో చండీగఢ్ పీజీఐ వైద్యులు జింకో బైలోబా అనే చెట్టు ఆకుల సారాన్ని రోజుకు మూడుసార్లు 40 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూశారు. మెల్లగా పాకే బొల్లి కొందరిలో ఆగింది. పాల్గొన్నది యాభై మంది, అటూ ఇటూగా. 2007లో నెదర్లాండ్స్‌లో ఒక ఫెర్న్ మొక్క సారాన్ని కాంతి చికిత్సకు తోడుగా 50 మందిలో పరీక్షించారు. తల, మెడ మీద రంగు కాస్త ఎక్కువ తిరిగినట్టు కనిపించింది కానీ, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పగలిగినంత తేడా కాదు. ఇంతమాత్రం ఆధారంతోనే సీసాలు అమ్ముడవుతున్నాయి.

"నాకు తగ్గింది కదండీ" అంటారు. కొందరిలో కొన్ని మచ్చలకు రంగు దానంతటదే తిరిగొస్తుంది. పైగా ఆ మనిషి అదే కాలంలో కాంతి చికిత్స కోసం వారానికి రెండు మూడుసార్లు యూవీబీ లైట్ల ముందు నిలబడుతుంటాడు. నెలల తరబడి అలా నిలబడ్డాక, వెంట్రుకల కుదుళ్ళ చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు మొలుస్తాయి. పని లైటుది, పేరు బిళ్ళది.

నాటుమందు కాబట్టి కాదనడం లేదు. బొల్లికి నాటువైద్యులు వాడే బావంచాల గింజల్లోని సొరాలెన్ ఎండతో కలిసి పనిచేస్తుందని తేలింది కనుకే సొరాలెన్ ఆధునిక వైద్యంలోకి వచ్చింది.

పోనీ, పనిచేయకపోయినా నష్టమేముంది? ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ళ మీద జరిగిన పరీక్ష ఫలితం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. పోషకమన్నంత మాత్రాన నిరపాయం కాదు.

చర్మవైద్యుడు రాస్తే ఈ బిళ్ళల్ని కాంతి చికిత్సకు తోడుగా వేసుకోండి. చికిత్స మాని వాటినే నమ్ముకుంటే మచ్చ పాకిపోవచ్చు, డబ్బూ పోతుంది. బొల్లిని నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి మాయమందుల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో ల్యూకోడెర్మా, అంటే బొల్లి, పేరు స్పష్టంగా ఉంది. "బొల్లికి శాశ్వత నివారణ" అన్న గోడ రాత కనబడితే ఫోటో తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.