టికెట్టూ పైనుంచే, నిధులూ పైనుంచే

తెలంగాణలోని చేవెళ్ల అసెంబ్లీ స్థానంలో 2023లో బీఆర్ఎస్ అభ్యర్థి కాలె యాదయ్య కాంగ్రెస్ మీద 268 ఓట్లతో గట్టెక్కారు. 2024 జూన్‌లో ఆయనే కాంగ్రెస్‌లో చేరారు. 2014లో కాంగ్రెస్ తరఫున గెలిచి టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్)లోకి వెళ్లిందీ ఆయనే. పాత ప్రత్యర్థి కె.ఎస్. రత్నం టీడీపీ, టీఆర్ఎస్, కాంగ్రెస్, బీజేపీ నాలుగింటి తరఫునా పోటీ చేశారు. నియోజకవర్గంలోని ప్రొద్దుటూరు నుంచి మొయినాబాద్ దాకా 2023లో యాదయ్యకు వ్యతిరేకంగా చేతి గుర్తుకు ఓటేసినవారికి ఏడాది తిరక్కుండానే ఆయనే సొంత పార్టీ ఎమ్మెల్యే అయ్యారు. బీఆర్ఎస్ కారు గుర్తుకు ఓటేసినవారికి తమ పార్టీ ఎమ్మెల్యే లేకుండా పోయారు.

దీన్ని వ్యక్తుల నిలకడలేనితనంగా కొట్టిపారేస్తే అసలు కారణం మరుగునపడుతుంది. పార్టీ మారిన ప్రతి ఎమ్మెల్యే చెప్పేది ఒకటే: నియోజకవర్గ అభివృద్ధి కోసమే. ఆ సాకు చెల్లుతోందంటే, నిధులను అధికార పక్షం ఇష్టానుసారం పంచుతోందని జనం నమ్ముతున్నారన్నమాట. 1993లో మొదలైన ఎంపీల స్థానికాభివృద్ధి నిధి ఎంపీల్యాడ్స్‌లో ఎంపీకి ఇప్పుడు ఏటా 5 కోట్లు. ఎమ్మెల్యేలకూ అలాంటి నిధి ఉంది. పెద్ద పనులకు మాత్రం సర్కారు విచక్షణే దిక్కు. ఇక బీఫారం ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో పార్టీ ఓటర్లే ప్రైమరీలో అభ్యర్థిని ఎంచుకుంటారు. 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడు ఎరిక్ కాంటర్, 2018లో పదిసార్లు గెలిచిన డెమోక్రాట్ జో క్రౌలీ అలాగే ప్రైమరీలో ఓడి ఇంటిదారి పట్టారు. మన కార్యకర్తకు ఆ అవకాశం లేదు. రెబెల్‌గా నిలబడటం ఒక్కటే మార్గం.

అందుకే ఎంపీ, ఎమ్మెల్యేల నిధులు ఎత్తేయాలి; అభ్యర్థిని పార్టీ సభ్యులే ఎంచుకునే ప్రైమరీలు మనకూ రావాలి. స్థానిక అవసరం ఎమ్మెల్యేకే తెలుసు కదా, నిధులు తీసేస్తే ఎలా అనే వాదన ఉంది. 2010లో సుప్రీంకోర్టు ఎంపీల్యాడ్స్‌ను సమర్థించింది కూడా. కానీ చట్టబద్ధమైనదల్లా మంచి విధానం కాదు. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లోనే వీటిని ఎత్తేయమంది. అవసరం తెలిసింది గ్రామసభకే. పనుల జాబితా అక్కడ ఖరారై, సొమ్ము జనాభా, వెనుకబాటు లెక్కన నేరుగా వస్తే ఎమ్మెల్యే ఏ పార్టీలో ఉన్నా రోడ్డు ఆగదు. ప్రైమరీలు డబ్బునూ, కులాన్నీ పెంచుతాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఇప్పుడు తెర వెనుక సాగే ఆ బేరాలు అప్పుడు సభ్యుల కళ్లముందుకొస్తాయి.

ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగ పదో షెడ్యూలు 1985 నుంచి ఉంది. అయినా బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి మారిన పదిమంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. శిక్ష ఎంత కఠినమైనా, గెలుపుకూ నిధులకూ దారి అధికార పక్షమే అయినంతకాలం ఫిరాయింపు లాభసాటి బేరమే. ముందు తెంచాల్సింది ఆ ముడినే.