గంటలు ఎవరిస్తారు?

'మొదటి మహిళ' అనే శీర్షిక కింద పేపర్లో ఫోటో పడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అమ్మాయి మీద కాదు, ఆ శీర్షిక మీద. 2022 మే నెలలో సైన్యపు విమాన విభాగంలో మొదటి మహిళా పైలట్ అభిలాషా బరాక్. 2024 జూన్‌లో నౌకాదళంలో మొదటి మహిళా హెలికాప్టర్ పైలట్ అనామికా రాజీవ్. వాళ్ళు కష్టపడి సాధించారు, సంతోషమే. కానీ 1936లోనే సర్లా థక్రాల్ చీర కట్టుకుని విమానమెక్కి లైసెన్సు తెచ్చుకున్న దేశం ఇది. ఎనభై ఆరేళ్ళ తర్వాత కూడా ఇంకా 'మొదటి' అని రాసుకోవలసి వస్తోందంటే అభినందనలు ఎవరికి, సంజాయిషీ ఎవరు ఇవ్వాలి? 2021 దాకా సైన్యం తన విమాన విభాగంలో ఆడవాళ్ళకు ట్రాఫిక్ కంట్రోలు, నేల మీది పనులు మాత్రమే అప్పగించింది. ఆ సంగతి ఫోటో కింద రాయరు.

ఈ మాట మా సంఘం సమావేశంలో ఎత్తితే మన మిత్రులే అడ్డుతగిలారు. "కూలి రేట్ల గురించి మాట్లాడాల్సిన వాళ్ళం, హెలికాప్టర్లు మనకెందుకండీ? అది డబ్బున్న పిల్లల సరదా" అన్నారు. నాకు ఈ వాదన కొత్త కాదు. ఆడపిల్లలకు ఉపాధి శిక్షణ అనగానే మన స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల్లో కుట్టుమిషను, బ్యూటీపార్లరు, అగరుబత్తి, మహా అయితే కంప్యూటరు. డబ్బున్న వాళ్ళది అని మనమే గీత గీసి, ఆ గీతకు అవతల ఏముందో చూడటం మానేశాం. హెలికాప్టర్ పేదవాళ్ళ విషయం కాదని ఎవరన్నారు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆకాశం వైపు చూసినవాళ్ళు ఎవరు? అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్న మనుషుల కోసం హెలికాప్టర్ రాలేకపోతే ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి వెళ్ళి తీసుకొచ్చాడు. ఏజెన్సీలో నెలలు నిండిన ఆడవాళ్ళను ఇప్పటికీ డోలీల్లో మోసుకొస్తున్నాం. (ముందు రోడ్డు వెయ్యమనండి అంటారు. వెయ్యమనే అంటున్నాను. రెండూ అడగకూడదని ఎక్కడుంది?)

సరే, అసలు ఈ లైసెన్సు ఎలా వస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? కాలేజీల్లో అడిగితే లెక్చరర్లకే తెలియదు. పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఫిజిక్స్, మాథ్స్‌తో ఇంటర్ పాసవ్వాలన్నది దశాబ్దాల నాటి నియమం. దాన్ని ఎత్తివేసి అన్ని గ్రూపుల వాళ్ళనూ రానివ్వాలని 2025లో ఒక ప్రతిపాదన బయటికొచ్చింది. ముందు రెండో తరగతి, ఆ తర్వాత మొదటి తరగతి వైద్య పరీక్ష. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, యంత్రానికి సంబంధించిన సాంకేతిక పేపర్లు - వీటిని డీజీసీఏ నిర్వహిస్తుంది. ఒక్కొక్క దాంట్లో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష. ఇదంతా చదువుకుంటే వచ్చేదే. మన ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలు ఇంతకన్నా కష్టమైన ఎంసెట్‌లు రాసి నెగ్గుతున్నారు.

హెలికాప్టర్ నడపటానికి కండబలం కావాలనేది ఇంకో అబద్ధం. కుడిచేతిలో ఒక కర్ర, ఎడమచేతి కింద ఇంకో లివరు, కాళ్ళ కింద రెండు పెడల్స్. ఒకటి కదిపితే మిగిలిన రెండూ సర్దాలి. నేల మీదికి రెండు మూడడుగులు లేచి ఒకే చోట నిలబెట్టడమే మొదట్లో గగనమట. మోటుగా లాగితే యంత్రం ఊగిసలాడుతుంది, వేళ్ళ కొసలతో పట్టుకోవాలి. ఇంజను ఆగిపోతే రెక్కలు గాలికి తిరుగుతుండగానే కిందికి దించడం కూడా నేర్పుతారు. ఇందులో మీసానికి పనేమిటో నాకు అర్థం కాలేదు.

అసలు గోడ గంటల దగ్గర ఉంది. మన దేశంలో కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకు 150 గంటలు ఎగిరి ఉండాలి. మామూలు విమానంలో గంట కన్నా హెలికాప్టర్‌లో గంట బాగా ఖరీదు. మొత్తం పదుల లక్షలు. బ్యాంకుల సాధారణ విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టమంటారు. ఎవరి ఆస్తి? ఎన్.టి.ఆర్. ప్రభుత్వం 1986లోనే పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. కాగితం మీద వాటా, పాసుపుస్తకం మీద అన్నగారి పేరు! నేను మాట్లాడిన ఒక తండ్రి నిక్కచ్చిగా చెప్పాడు: "పొలం అమ్మితే కట్నానికి అమ్ముతాను గానీ గాల్లో తిరగడానికి అమ్ముతానా?" ఆయన దుర్మార్గుడేమీ కాదు. కట్నానికి అప్పిచ్చే వ్యాపారి ఊళ్ళోనే ఉన్నాడు, ఆ పిల్ల చదువుకు అప్పిచ్చేవాడే లేడు.

ఇక్కడొక విషయం మన కార్యకర్తలందరూ రాసి పెట్టుకోవాలి. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో మొదటి గ్రూపు కోర్సుల జాబితా తీసి చదవండి. మెడిసిన్, ఇంజనీరింగ్‌ల సరసన కమర్షియల్ పైలట్ లైసెన్సు, హెలికాప్టర్ పైలట్‌తో సహా, స్పష్టంగా ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలకు మించకూడదని షరతు. నేను ఒక జిల్లా కార్యాలయంలో ఈ కాగితం చూపిస్తే అక్కడి ఉద్యోగి నవ్వి, "ఇలాంటిదొకటి ఉందా మేడమ్?" అని నన్నే అడిగాడు. హాస్టల్ వార్డెన్‌కు తెలియదు, ప్రిన్సిపాల్‌కు తెలియదు, దరఖాస్తు తీసుకోవలసిన గుమాస్తాకు తెలియదు. మరి అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

అయినా పడుతూ లేస్తూ లైసెన్సు తెచ్చుకుందనుకుందాం. అమెరికాలో నేర్చుకుంటే 150 గంటల్లో హెలికాప్టర్ మీద 50 చాలు, మిగతావి మామూలు విమానం మీదైనా లెక్కే. ఆ తర్వాత అక్కడ చాలామంది శిక్షకులుగా చేరి గంటలు పోగేసుకుంటారు. మన దేశంలో ఆ నిచ్చెన దాదాపు లేదు. బెంగుళూరులో హాల్ వారి రోటరీ వింగ్ అకాడమీ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విదేశంలో నేర్చుకుని వచ్చినా ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాయాలి, మళ్ళీ నడిపి చూపాలి. తీరా ఉద్యోగానికి వెళితే అనుభవం ఎన్ని గంటలు అని మొదటి ప్రశ్న. పై స్థాయి లైసెన్సుకే వెయ్యి గంటలు కావాలి. గంటలు లేనిదే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేనిదే గంటలు లేవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

మరి ఆ గంటలు ఎవరి దగ్గరున్నాయి? సైన్యం నుంచి, వైమానిక, నౌకాదళాల నుంచి రిటైరయిన మగవాళ్ళ దగ్గర. రాజమండ్రి నుంచి సముద్రంలోని ఓఎన్‌జీసీ రిగ్గులకు వెళ్ళే హెలికాప్టర్లయినా, ఎన్నికలప్పుడు నాయకులు అద్దెకు తీసుకునేవైనా, మన దేశంలో పౌర హెలికాప్టర్ల సీట్లలో ఎక్కువమంది వాళ్ళే. ప్రజల డబ్బుతో వేల గంటలు ఎగిరి వచ్చినవాళ్ళు. వాళ్ళ నైపుణ్యాన్ని నేను తక్కువ చెయ్యటం లేదు. కానీ లెక్క చూడండి. సైన్యం ఆడవాళ్ళను దశాబ్దాల పాటు ఆ సీట్లోకి రానివ్వలేదు. కాబట్టి వాళ్ళకు గంటలు లేవు. కాబట్టి కంపెనీ వాళ్ళను తీసుకోదు. అప్పుడు కంపెనీ "మాకు వివక్ష లేదు, మేం అనుభవం మాత్రమే చూస్తాం" అంటుంది. ఒకచోట బాహాటంగా జరిగిన వివక్ష, ఇంకోచోటికి వచ్చేసరికి 'అర్హత' అనే ఉతికిన చొక్కా తొడుక్కుంటుంది. ఈ దేశపు పైలట్లలో 15 శాతం మంది స్త్రీలు, ప్రపంచ సగటుకు మూడు రెట్లు అని పాలకులు చెప్పుకుంటున్నారు. విమానాలూ హెలికాప్టర్లూ అన్నీ కలిపిన లెక్క అది. హెలికాప్టర్ల లెక్క విడిగా చెప్పమనండి.

యూనిఫారం వేసుకుంటే సర్కారు ఉచితంగా నేర్పుతుంది. వైమానిక దళం హెలికాప్టర్ శిక్షణ మన హకీంపేటలోనే. 1990ల మధ్యలో వాళ్ళు ఆడవాళ్ళను తీసుకున్నారు. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారు. అయితే ఆ దారికీ కొలతలున్నాయి. ఫ్లయింగ్ బ్రాంచికి కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు, ఆడా మగా ఇద్దరికీ. సమానత్వమే కదా అంటారు. భారతీయ స్త్రీల సగటు ఎత్తు సుమారు 152. కాక్‌పిట్ ఎవరి ఒంటిని కొలిచి కట్టారో ఇందులోనే ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన వైద్య ప్రమాణాల్లో ఇలాంటి ఎత్తు షరతేమీ లేదు. ఫ్రెంచి సైనిక డాక్టరు వాలెరీ ఆంద్రే బక్కపలచని మనిషి. 1950ల మొదట్లో ఇండోచైనాలో తానే హెలికాప్టర్ నడుపుకుంటూ అడవుల్లో దిగి, గాయపడినవాళ్ళను తెచ్చి తానే ఆపరేషన్లు చేసింది. (అది వలస యుద్ధం, ఆ సైన్యం మన పక్షం కాదు. ఆ మాటకొస్తే 1938లో బెర్లిన్‌లో ఒక హాలు లోపల హెలికాప్టర్ నడిపి చూపిన హన్నా రైట్ష్ హిట్లర్ భక్తురాలు. ఆడది ఎగిరితే చాలు విముక్తే అనుకునేవాళ్ళకు నేను ఈమె పేరు చెబుతుంటాను.)

నా అభ్యంతరం ఇదే. వరదల్లో మనిషిని లేపడానికి, అడవిలోంచి గర్భిణిని తేవడానికి ఎగరాలనుకునే పేద పిల్లకు ఈ రాజ్యం పైసా ఇవ్వదు. అదే పిల్ల యుద్ధానికి వస్తానంటే ఖర్చంతా పెట్టుకుంటుంది. అక్కడికి పోయాక కూడా ఏం మర్యాద? సైన్యంలో స్త్రీలకు పర్మనెంట్ కమిషన్ కేసులో ఇదే ప్రభుత్వం, పల్లెటూళ్ళ నుంచి వచ్చిన జవాన్లు ఆడ అధికారి మాట వినడానికి మానసికంగా సిద్ధంగా లేరని వాదించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. పల్లెటూరి మగవాళ్ళ మీద నెపం పెట్టడం ఢిల్లీ పెద్దమనుషులకు ఎంత సులువో!

ఇక గర్భం. మొదటి గర్భానికే ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం ఊడబీకే నిబంధనను 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు అంత మోటుగా ఎవరూ చెయ్యరు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఇబ్బందుల్లేని గర్భమైతే పన్నెండో వారం చివరి నుంచి ఇరవై ఆరో వారం చివరి వరకు పైలట్ పని చెయ్యవచ్చు. మిగతా నెలలు నేల మీదే. భద్రత కోసం సరే. కానీ ఎగిరిన గంటలను బట్టి డబ్బులిచ్చే చోట, కాంట్రాక్టు మీద బతికే చోట, ఆ నెలల జీతం ఎవరిస్తారు? తిరిగి వచ్చాక 'ఈమధ్య ఎగరలేదు' అంటే తిరిగి అలవాటయ్యే గంటలకు డబ్బు ఎవరు కడతారు? ప్రసూతి సెలవు చట్టం 26 వారాలు ఇచ్చింది, గంటలు ఇవ్వలేదు.

అందుకని మనం అడగవలసినవి 'మొదటి మహిళ'లను కాదు. స్కాలర్‌షిప్ జాబితాలో ఉన్న హెలికాప్టర్ కోర్సుకు అసలు ఖర్చంతా ఇవ్వాలి. ప్రభుత్వ సొమ్ముతో హెలికాప్టర్ అద్దెకు తీసుకునే ప్రతి కాంట్రాక్టులోనూ కొత్త పైలట్‌కు కో-పైలట్ సీటు ఇవ్వాలని, అందులో స్త్రీలకు వాటా ఉండాలని షరతు పెట్టాలి. రెండో సీటే గంటలు పుట్టే చోటు.

ఈ స్కాలర్‌షిప్ కింద గత పదేళ్ళలో మన జిల్లా నుంచి పైలట్ కోర్సుకు ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి ఇచ్చారు, అందులో అమ్మాయిలు ఎందరు అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల గడువు ఇంకా ఉంది. మిగతా జిల్లాల మిత్రులు కూడా ఇదే మూడు ప్రశ్నలు మీ కార్యాలయాల్లో వేసి, వచ్చిన జవాబులు వచ్చే సంచికలోగా పత్రికకు పంపండి. జవాబు రాకపోతే ఆ సంగతే రాసి పంపండి.