ముసలి పిల్లికో చిరుగంట

"పిల్లి పోతే ఏడవడమేమిటి, చోద్యం కాకపోతే!" అనేవాళ్లు మన ఇళ్లలో ఎక్కువే. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం చేయాలన్న పెద్దలు, బతికున్న పిల్లికి పట్టెడన్నం పెట్టమని గట్టిగా ఎందుకు చెప్పలేదో మరి!

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కనాబ్ ఊరి దగ్గర 'బెస్ట్ ఫ్రెండ్స్' అనే జంతు శరణాలయం ఉంది. 1984లో మొదలైంది. కుక్కలతోపాటు దిక్కులేని పిల్లులకూ అక్కడ నీడ దొరుకుతుంది. కన్నుమూసినవాటి కోసం 'ఏంజెల్స్ రెస్ట్' అని ఓ చోటు కేటాయించారు. వాటిని తలుచుకుంటూ అక్కడ గాలికి మోగే చిరుగంటలు కడతారు.

డబ్బున్నవాళ్ల వేషాలని కొట్టిపారేయకండి. కూనలనైతే ఎవరైనా ముద్దుగా ఎత్తుకెళతారు. పదేళ్లు దాటిన పిల్లిని అడిగేదెవరు? ముసలి పిల్లులకు మూత్రపిండాల జబ్బు మామూలే. నీళ్లు తెగ తాగుతాయి, చిక్కి శల్యమవుతాయి. చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. తిననని మొరాయిస్తే బతిమాలి తినిపించాలి. ఇంట్లో మంచానపడ్డ పెద్దవాళ్లకు చేసినంత చాకిరీ! ఇంతా చేస్తే అది ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లిపోతుంది. చేసినవాళ్లను పరామర్శించేవారుండరు. మర్నాడు పొద్దున్నే మిగతా పిల్లుల గిన్నెలు కడగాలి, ఇసుక ట్రేలు మార్చాలి.

అందుకే నాకా గంటలు నచ్చాయి. ఫలానా పిల్లికి ఓ పేరుండేది, ఒళ్లో పడుకునేది అని చెప్పుకోవడానికి ఓ చోటంటూ ఉంది. మన హైదరాబాద్‌లోనూ 1992లో బ్లూక్రాస్ మొదలైంది. ఇలాంటి చోట పనిచేసే అమ్మాయెవరైనా మీకు తెలిస్తే, "ఎన్ని పిల్లులున్నాయి?" అనే కాదు, "ఈ ఏడాది పోయినవాటి పేర్లేమిటమ్మా?" అనీ అడగండి. చెబుతుంటే కాసేపు వినండి.