పలుకుబడి – పరమార్థం: పలుపుతాడు చివర

‘ఎట్ ది ఎండ్ ఆఫ్ వన్స్ టెదర్’ అనే పలుకుబడి ఆంగ్ల పత్రికలలోను, నవలలలోను తరచుగా కనిపిస్తుంది. టెదర్ అనగా పశువును గుంజకు కట్టివేసే పలుపుతాడు. తాడు ఎంత పొడవో మేత అంత మేర. అందిన గడ్డి అయిపోయాక ఎదుట పచ్చిక కనిపిస్తున్నా పశువు ముందుకు అడుగు వేయలేదు. ఓర్పు, శక్తి, ఉపాయం అన్నీ అడుగంటి ఇక భరించలేని స్థితికి చేరుకోవడమే దీని భావం. అమెరికాలో టెదర్‌కు బదులు ‘రోప్’ అంటారు.

దీనిని పోలినవే మరి రెండున్నాయి. ‘ఎట్ వన్స్ విట్స్ ఎండ్’ అంటే దిక్కుతోచకపోవడం. ‘ఆన్ టెంటర్‌హుక్స్’ అంటే ఫలితం కోసం ఉత్కంఠతో వేచి ఉండడం. నేసిన బట్టను బిగదీసి ఆరబెట్టే చట్రపు కొక్కేలే టెంటర్‌హుక్స్.

రాయ్‌పూర్‌లోని టాటీబంధ్‌లో 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రిని ఊహించుకుంటే ఈ మూడింటి భేదం సుబోధకమవుతుంది. శస్త్రచికిత్స గది తలుపువైపే చూస్తూ కూర్చున్న తండ్రి ‘ఆన్ టెంటర్‌హుక్స్’. తెలియని భాషలో ఎవరిని ఏమి అడగాలో తోచక నిలిచిన బంధువు ‘ఎట్ హిజ్ విట్స్ ఎండ్’. పది రాత్రులు నిద్ర లేక రోగిని కనిపెట్టుకుని ఉన్న ఇల్లాలు ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ హర్ టెదర్’.

ఈ మూడవ స్థితికి తెలుగులో సరిపోయే మాట ‘ఓపిక’. సహనానికి, ఒంట్లోని సత్తువకు కూడా మనం వాడేది ఆ ఒక్క మాటే. ‘ఓపిక నశించింది’ అన్న మాటను కోపంగానే గ్రహించడం మనకు అలవాటు. అయితే చాలాసార్లు అందులో ఉండేది అలసట. తాడు చివరకు వచ్చిన పశువును అదలించి ప్రయోజనం లేదు. గుంజను పెరికి మరొకచోట పాతాలి. ఇంట్లోగాని, కార్యాలయంలోగాని ఎవరైనా ‘ఇక నా వల్ల కాదు’ అన్నప్పుడు ఒక పూట వారి భారాన్ని మనం అందుకోవడం అటువంటిదే. మాట్లాడి సాంత్వన పొందగోరేవారికి 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ ఉచిత సేవ 14416 నంబరులో లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ప్రయోగంలో ఒక జాగ్రత్త: ఈ పలుకుబడి సంభాషణకు, సొంత ఉత్తరాలకు తగినది. సెలవు దరఖాస్తులో కారణాన్ని సూటిగా వ్రాయడమే మేలు.