గుజరీకి వేసేముందు ఒక్క వారం ఆగండి

పోస్టు కొంచెం పెద్దదే. టీ కప్పు పక్కన పెట్టుకుని ఓపిగ్గా చదవమని మనవి.

మన చందాపుర చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో ఈ మధ్య ఒకే రకం నోటీసు కనబడుతోంది. వాడకంలో లేని వాహనాలను ఫలానా తేదీలోగా తీసెయ్యండి, లేకపోతే అసోసియేషనే తీయిస్తుంది అని. పార్కింగ్ ఇరుకన్నది నిజమే. మనలో కొందరం ఆ కమిటీల్లో ఉన్నవాళ్ళమే కాబట్టి ఆ బాధ మాకూ తెలుసు. కానీ నోటీసు తర్వాత ఏం జరుగుతుందో చూడండి. కవరు కింద ఏళ్ళ తరబడి పడున్న యెజ్దీయో, రాజ్‌దూతో, ఆర్‌ఎక్సో ఒక ఆదివారం పొద్దున టెంపో ఎక్కి గుజరీకి పోతుంది. దాని వెనకే అటక మీది పాత హెల్మెట్, తోలు గ్లవ్స్, మసిబారిన చిన్న కప్పు, ఫోటోల కవరు కూడా పోతాయి. "నాన్న కుర్రతనంలో రేసులకి వెళ్ళేవారట" అన్న ఒక్క ముక్క మాత్రం ఇంట్లో మిగులుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ బండి మీద అని మనవడు అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు.

మా మాట ఒక్కటే. బండి ఎలాగూ బతుకుతుంది. డబ్బున్నవాడు కొంటాడు, రంగు వేయిస్తాడు, హాల్లో పెట్టుకుంటాడు. పోయేవి కాగితమూ జ్ఞాపకమూ. వాటిని దాచే పని సర్కారు చెయ్యదు, కొనేవాడూ చెయ్యడు. మనలాంటి సంఘాలే చెయ్యాలి.

చందాపురకీ రేసులకీ ఏం సంబంధం అని అడగొచ్చు. మనం ఉన్నది హోసూరు రోడ్డు మీద. బెంగళూరు నుంచి మద్రాసు పోవడానికి పాత దారులు రెండు. ఒకటి కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా. రెండోది మన గుమ్మం ముందు నుంచి హోసూరు, కృష్ణగిరి మీదుగా. ఆ దారుల చివర, మద్రాసు దాటి నెల్లూరు వైపు పోతే రెడ్‌హిల్స్ తర్వాత షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని రేసుల మైదానం చేసింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసంటే షోలవరమే. యుద్ధకాలపు కాంక్రీటు, ఎండ, దుమ్ము, రెండు పక్కలా జనం.

బళ్ళు కూడా మన చుట్టుపక్కలవే. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో చెకొస్లోవేకియా జావా బళ్ళు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1973 నుంచి వాటి పేరు యెజ్దీ అయింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇటు పక్క అత్తిబెలె దాటగానే హోసూరు, టీవీఎస్ వాళ్ళ ఊరు. వాళ్ళ రేసింగ్ టీమ్ 1982 నుంచి ఉంది. మన బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో మహిళల బాహా వరల్డ్ కప్ గెలిచింది ఆ టీమ్ రైడరుగానే. 2024 డాకార్ ర్యాలీలో ర్యాలీ-2 తరగతిలో మొదటి స్థానం తెచ్చిన హరిత్ నోవా తొక్కింది షెర్కో టీవీఎస్ బండి. అంటే ఈ కథ ఎక్కడో ఇంగ్లండులోనో ఇటలీలోనో జరిగింది కాదు. మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోడ్డుకి అటూ ఇటూ జరిగింది.

ఇందులో తెలుగువాళ్ళ వాటా ఏమిటంటే, మా లెక్కలో చాలా ఉంది, కాకపోతే రాతలో లేదు. హోసూరు, ఆనేకల్, కోలారు పక్క తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మెకానిక్ షెడ్డులో తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ నాలుగూ కలిసే నడుస్తాయి. రేసు ఫలితాల కాగితం మీద రైడరు పేరు ఉంటుంది. ముందు రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో సిలిండర్ పోర్టులు ఆకురాయితో అరగదీసినవాడి పేరు ఉండదు. జెట్టు మార్చి, ప్లగ్గు రంగు చూసి "సన్నగా పోతోంది, ఒక నంబరు పెంచు" అన్నవాడి పేరు ఉండదు. మనవాళ్ళ పేర్లు వెతకాల్సింది ఆ రాయని వరుసలోనే. 1980లో ముప్పై ఏళ్ళున్న మెకానిక్‌కి ఇప్పుడు డెబ్భై అయిదు దాటి ఉంటాయి. అడగడానికి మనకి మిగిలిన టైము ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఒక చిన్న సంగతి చెప్తాం. పాత రేసుల గురించి చెప్పేవాళ్ళు ఎవరైనా ముందు తలచుకునేది వాసనని. ఆ వాసన ఆముదానిది! ఎంత వేడికైనా ఇంజిన్ గోడని వదలదని రేసు బళ్ళకి ఆముదం కలిసిన నూనె వాడేవారు. క్యాస్ట్రాల్ కంపెనీకి ఆ పేరు వచ్చిందే ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచి. నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే పంట, అమ్మమ్మ బలవంతంగా పట్టించిన మందు, ప్రపంచమంతా రేసు మైదానాల వాసన అయింది. ఇలాంటి ముక్కలు పిల్లలకి చెప్తే చరిత్ర పాఠంలా ఉండదు, ఇంటి కబురులా ఉంటుంది.

సర్కారు చూసుకోదా అంటే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. మంచి పనే. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండికి నంబరులో వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ మన బళ్ళ వయసులు చూడండి. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది కాబట్టి మొట్టమొదటి బండికి కూడా ఆ అర్హత 2028లో. రాజ్‌దూత్ 350 వచ్చింది 1983లో, దానికి 2033. ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985 చివర్లో, దానికి 2035. మన నాన్నల తరం బళ్ళు ఇంకా 'పాతవి' మాత్రమే, 'వింటేజ్' కాదు. గుజరీకి పోయేది సరిగ్గా ఈ వయసులోనే.

ఇంకో మెలిక ఉంది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లోగానీ ఇంజిన్‌లోగానీ మార్పులు ఉండకూడదని ఆ నిబంధన. రేసు బండి అంటేనే మార్పులు చేసిన బండి కదా! హెడ్డు కోసి ఉంటుంది, పోర్టులు పెంచి ఉంటాయి, మడ్‌గార్డులు పీకేసి ఉంటాయి. కొన్నిటికి ఆర్‌సీ ఎప్పుడో పోయి ఉంటుంది, రేసుకే కట్టిన బండికి అసలు ఆర్‌సీయే ఉండదు. రోడ్డు మీదకి రావాలంటే నిబంధనలు ఉండాల్సిందే, దాంతో మాకు పేచీ లేదు. కానీ రోడ్డెక్కకుండా ప్రదర్శనకే ఉంచే రేసు బళ్ళకి, వయసుతో పని లేకుండా, ఒక జాబితా అంటూ ఉండాలని మా అభిప్రాయం. అది వచ్చేదాకా మన జాబితా మనం రాసుకుందాం.

ఇక కొనేవాళ్ళ సంగతి. పాత బండి మీద మోజు పెరిగింది. సంతోషమే. 1996లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100 పేరు పెట్టుకుని 2018లో తెలుగు సినిమాయే వచ్చింది. కానీ మోజుతో పాటు రెండు జబ్బులు వచ్చాయి. ఒకటి మెరుగు జబ్బు. గీతలు, సొట్టలు, చేత్తో రాసిన నంబరు అన్నీ ఆసిడ్‌తో కడిగి, పౌడర్ కోటింగ్ వేసి, షోరూమ్ బండిలా చేస్తారు. రోడ్డు బండికైతే సరే. రేసు బండికి ఆ గీతలే సర్టిఫికెట్. కుడివైపు ఫుట్‌రెస్టు అరిగిందంటే ఏ మలుపులో ఎంత వంచాడో అది చెప్తుంది. అది తుడిచేశాక మిగిలేది ఇనుము, రంగు. రెండోది అబద్ధం జబ్బు. పాత బండికి గుండ్రటి నంబరు ప్లేటు అతికించి "షోలవరంలో గెలిచిన బండి సార్" అని రేటు పెంచుతారు. ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ కాగితంతో సరిపోవాలి, ఆనాటి ఫోటోలో ఆ బండే కనబడాలి. ఇవి లేకుండా ఆ మాట నమ్మకండి. నిజమైన కాగితాలు గుజరీకి పోతుంటే అబద్ధపు కథలకి ధర పలుకుతోంది. ఇది మాకు బాధగా ఉంది.

కాగితం విలువ ఎంతో తెలియాలంటే ఒక ఉదాహరణ. ఇంగ్లండులోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం 2003 సెప్టెంబరులో తగలబడింది. వందల బళ్ళు బూడిదయ్యాయి. చాలా బళ్ళని మళ్ళీ నిలబెట్టి మరుసటి ఏడాదే తలుపులు తెరిచారు. ఏ బండి ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు, ఆ వివరం దాచుకున్నవాళ్ళు ఉన్న చోటే అలాంటి పని కుదురుతుంది. మన ఊళ్ళో ఒక షెడ్డు కాలిపోతే అందులో ఏముండేదో చెప్పడానికి ఫోటో అయినా ఉంటుందా?

కొన్ని అభ్యంతరాలు మా దృష్టికి వచ్చాయి. "తెలుగు సంఘం అంటే ఉగాది, సంక్రాంతి, పిల్లలకి పద్యాలు. బళ్ళ గోల మనకెందుకు?" అని ఒకటి. పద్యాలు వద్దని ఎవరూ అనడం లేదు. కానీ మన పెద్దలు బతికిన బతుకు కూడా మన సంస్కృతే. పులిహోర వాసన ఎంత మనదో, రెండు చేతులకీ అంటిన గ్రీజు వాసన కూడా అంతే మనది.

రెండోది గట్టి అభ్యంతరం. "ఇప్పటికే కుర్రాళ్ళు హైవే మీద వీలీలు చేసి ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు, మీరు రేసుల్ని పొగిడితే ఎలా?" అని. ఆ భయం మాకూ ఉంది, మనందరి ఇళ్ళలోనూ ఆ వయసు పిల్లలున్నారు. అందుకే చరిత్ర పూర్తిగా చెప్పాలంటున్నాం. 1969లో తూర్పు జర్మనీలోని సాక్సెన్‌రింగ్ ట్రాక్ మీద ప్రాక్టీసులో, జావా రేసు బండి ఇంజిన్ పట్టేసి బిల్ ఐవీ చనిపోయాడు. అంతకు రెండేళ్ళ ముందే ప్రపంచ చాంపియన్ అయినవాడు! 1907లో మొదలైన ఐల్ ఆఫ్ మాన్ రేసుల దారిలో ఇప్పటిదాకా 250 మందికి పైగా పోయారు. అక్కడ గెలిచినవాళ్ళ పేర్లతో పాటు పోయినవాళ్ళ పేర్లూ దాచుకున్నారు. హెల్మెట్ పరీక్ష, బండి తనిఖీ, జెండా పట్టుకున్న మార్షల్, పక్కన అంబులెన్స్ ఎందుకు వచ్చాయో ఆ పేర్లే చెప్తాయి. మన కుర్రాడికి ఇది ట్రాక్ తొక్కిన పెద్దాయన నోటి నుంచి వినబడితే వేరు. మనం వంద సార్లు తిట్టినా రాని మార్పు ఆయన ఒక్క మాటతో రావచ్చు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. పెద్ద ఖర్చేమీ లేదు.

ఫోటో వెనక పెన్సిలుతో పేరు, ఊరు, ఏడాది, బండి నంబరు రాయండి. పెన్ను వద్దు, ఇంకు ముందువైపుకి దిగుతుంది. ఫోటోకిగానీ సర్టిఫికెట్‌కిగానీ లామినేషన్ చేయించకండి, సెలోటేపు అసలే వద్దు. మన తేమకి తోలు జాకెట్ ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది, పాత నూలు చీరలో చుట్టండి. ఆనాటి హెల్మెట్ చూడ్డానికే, తలకి పెట్టుకోవడానికి కాదు. నిలిచిపోయిన టూ-స్ట్రోక్ బండికి ప్లగ్గు విప్పి రెండు చెంచాల నూనె పోసి, చేత్తో మెల్లగా కిక్కర్ తిప్పండి. ట్యాంకులో పాత పెట్రోలు తీసేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, పెద్దాయన్ని కూర్చోబెట్టి ఫోన్‌లో అరగంట రికార్డు చెయ్యండి. "ఎన్ని కప్పులొచ్చాయి?" అని అడగొద్దు. "బండిని షోలవరం దాకా ఎలా తీసుకెళ్ళారు? లారీలోనా, తొక్కుకుంటూనా? నూనె ఎంత కలిపేవారు? షెడ్డు ఎవరిది? పక్కన ఎవరున్నారు?" అని అడగండి. అప్పుడు ఆయన నోటి నుంచి పేర్లు వస్తాయి. మనకి కావలసినవి ఆ పేర్లే.

సంఘం తరఫున మేము ప్రతిపాదించేది మూడు పనులు. అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్న మన సభ్యులు, పాత బండి తీయించే ముందు ఆ ఇంటివాళ్ళతో ఒకసారి మాట్లాడి, మనకి కబురు పెట్టాలి. రెండు, ఫోటోలూ కాగితాలూ మనం స్కాన్ చేసి అసలువి అదే రోజు ఇంటికి తిరిగి ఇవ్వాలి. ఎవరి వస్తువు వారిదే, సంఘం బీరువాలో ఏదీ ఉండకూడదు. మూడు, ప్రతి దాని పక్కనా "చూశాం", "విన్నాం" అని రెండే మాటల్లో ఒకటి రాయాలి. విన్నదాన్ని చూసినట్టు రాయొద్దు.

వచ్చే ఉగాదికి స్టేజీ పక్కన ఒక బల్ల వేద్దాం. దాని మీద కప్పులు లేకపోయినా పర్వాలేదు. నాలుగు ఫోటోలు, వాటి కింద నలుగురి పేర్లు, ఒకటి రైడరుది, మూడు మెకానిక్‌లవి. ఎవరింట్లో ఏముందో వచ్చే ఆదివారం మీటింగ్‌లో చెప్పండి. ఈలోగా బేస్‌మెంట్‌లో మీ బండి మీద నోటీసు అంటించి ఉంటే, టెంపోవాడికి ఫోన్ చెయ్యకముందు మాకు చెయ్యండి.