మిద్దె లేనివారి తోట

మన అభ్యుదయ మిత్రులలో ఇటీవల ఒక కొత్త ఉత్సాహం కనిపిస్తున్నది. పట్టణాల్లోనే కూరలు పండించుకోవాలి, మన నేలలో పండినదే మనం తినాలి అని వ్యాసాలు రాస్తున్నారు, సభలు జరుపుతున్నారు. ఆశయం మంచిదే. కాని ఆ ఆశయం ఏ వర్గం చేతిలో వున్నది, ఎవరిని వెనుక వదలి ముందుకు పోతున్నది అని అడగటం విమర్శకుని విధి.

మిద్దెతోట అనే మాట తెలుగునాట ఇంతగా వ్యాపించటానికి కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారి కృషి ఒక ముఖ్య కారణం. తమ ఇంటి కప్పు మీద కూరలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా కూడా రాశారు. కలం పట్టిన చేయి మట్టి పట్టటాన్ని నేను గౌరవిస్తాను. నా పేచీ ఆ తోటతో లేదు. దానిని ఆహార సమస్యకంతటికీ పరిష్కారంగా చూపే మన మిత్రులతోనే. మిద్దెతోటకు విత్తనం కంటె ముందు మిద్దె కావాలి. ఆ తర్వాత నీళ్లు కావాలి. ప్రొద్దుటూరులో ఒంటిగది అద్దెకు తీసుకొని బతికే నేత కార్మికుడు తోట ఎక్కడ వేస్తాడు? కప్పు యజమానిది. కొళాయి నీళ్లు తాగటానికే చాలవు. అతనికి "నీ కూర నీవే పండించుకో" అని బోధించటం ఆకలిగొన్నవానికి వంట పుస్తకం చేతికివ్వటమే.

మన సీమలో మిద్దె అంటే ఇల్లే. మట్టి మిద్దె మీద మిరపకాయలు ఎండేవి. దొడ్లో గోగాకు, మటిక్కాయలు కాసేవి. దొడ్డి వున్నంతవరకు పేదవాని సంగటిలోకి కూరాకు కరువు లేదు. ఆ దొడ్డి ఎలా పోయిందో చెప్పకుండా తోట గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

జమ్మలమడుగు పక్కనే గండికోట జలాశయం వున్నది. దాని సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. దానిలో నీరు నిలపటానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఊరు విడువవలసి వచ్చింది. వారి ఇళ్లతోపాటు దొడ్లు, కళ్లాలు, చింతచెట్లు మునిగాయి. ఆ జలాశయం నుంచి నీటిని చిత్రావతి జలాశయానికి ఎత్తిపోస్తారు. అక్కడినుంచి అది పులివెందుల ప్రాంతపు పొలాలకు పారుతుంది. నీరు రావటం తప్పని నేననను. కరువు సీమలో నీటికి అడ్డుచెప్పేవాడు ఎవడు? ఆ నీటితో ఏమి పండుతున్నది, అది ఎక్కడికి పోతున్నది అన్నదే ప్రశ్న. పులివెందుల అరటి, చీనీ దూరదేశాల అంగళ్లకు పోతున్నాయి. 2020 జనవరిలో అరటి కంటైనర్లతో ఒక ప్రత్యేక రైలే తాడిపత్రి నుంచి ముంబై రేవుకు బయలుదేరింది. గెలలు కోసి మోసే కూలి ఇంటికి పోయి చౌకదుకాణం బియ్యం వండుకుంటాడు. మునిగిన ఊరివానికి దొడ్డి లేదు, పారిన నీటి పక్కనే వున్న కూలికి పండు లేదు. స్థానిక ఆహార సమస్య మన జిల్లాలో ఇదీ.

ఇక్కడ కొందరు మిత్రులు ఎదురు ప్రశ్న వేస్తారు. కూలి జొన్న, కొర్ర మాని తెల్లన్నానికి ఎందుకు అలవాటుపడ్డాడు అంటారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదవాని కడుపు నిండింది. దానిని ఎగతాళి చేసే హక్కు కడుపు నిండినవారికి లేదు. బియ్యాన్ని కొని పంచిన ప్రభుత్వం కొర్రను కొని పంచలేదు. కొనేవాడు లేని పంటను రైతు వదిలాడు. నల్లరేగడిలో శనగ, పత్తి మిగిలాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరిపింది. ఒకనాటి పేదల తిండి నేడు అందమైన సంచుల్లో, పేదలు కొనలేని ధరకు వచ్చింది!

మరి మార్గం లేదా? వున్నది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత, అమెరికా దిగ్బంధం మధ్య, క్యూబా ప్రజలు హవానాలోని ఖాళీ స్థలాలను తోటలు చేశారు. అక్కడ ప్రభుత్వమే తన భూమిని సాగుహక్కుపై ప్రజలకు ఇచ్చింది. క్యూబా నేటికీ చాలా ఆహారం దిగుమతి చేసుకొంటున్నది. తోటలు సర్వరోగ నివారిణి కాదని దానివల్లే తెలుస్తున్నది. జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు 1990 దశకంలో బీడు భూములు దున్ని, ఆ జొన్నలనే తమ ఊళ్లలో చౌకగా పంచుకొన్నాయి. రెండుచోట్లా భూమి, పంపిణీ సమష్టి చేతిలోకి వచ్చాయి. మన మిత్రుల వ్యాసాల్లో ఈ రెండు మాటలే కనిపించవు.

కనుక మనం అడగవలసినవి స్పష్టం. మూడు పట్టణాల్లోనూ పురపాలక సంఘాల ఖాళీ స్థలాలను పేద స్త్రీల సంఘాలకు నీటివసతితో సాగుకివ్వాలి. చౌకదుకాణం జిల్లాలో పండిన జొన్న, కొర్రలను రైతుకు గిట్టుబాటు ధరతో కొనాలి. హాస్టళ్లకు, బడి భోజనానికి కూరలు ఆ చుట్టుపక్కల సన్నకారు రైతుల నుంచే రావాలి. బడుల్లో 2023లో రాగిజావ పెట్టగలిగినప్పుడు ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు.

పెన్న ఒడ్డున చితికిపోయిన పేద కుటుంబాన్ని విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట"లో కావ్యనాయకులను చేశారు. ఆ కావ్యాన్ని తరగతిలో పాఠం చెప్పి, సాయంత్రం కుండీలో కొత్తిమీర చూసుకొని తృప్తిపడటం మనకు తగదు. కుండీ వుండనివ్వండి. కాని పురపాలక సంఘం ముందుకు పోయి నేల అడిగే స్త్రీల పక్కన మన విద్యార్థులు, అధ్యాపకులు నిలబడాలి. వారి వెంట మన కలం కూడా నడవాలి.